ఇంట్లో చిన్న రీఫ్ ట్యాంక్ పెట్టాలంటే ఏ గ్యాడ్జెట్లు కావాలి? ఏది చెడిపోతే ఏమవుతుంది?

నీలం లైట్ కింద మెరిసే కోరల్స్, వాటి మధ్య తిరిగే నీమో చేపలు... ఇలాంటి రీల్స్ మీరూ చూసే ఉంటారు. "మన ఇంట్లో కూడా ఒకటి పెడితే బాగుంటుంది కదా" అని అనిపించే ఉంటుంది. పెట్టొచ్చు. కానీ ఇది గోల్డ్ ఫిష్ తొట్టి లాంటిది కాదు. ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ అంటే 24 గంటలూ నడిచే ఒక సిస్టమ్. పంపులు, లైట్, చిల్లర్, సెన్సర్లు అన్నీ కలిసి పనిచేస్తేనే లోపలి జీవులు బతుకుతాయి.

ఫోన్ కొనేటప్పుడు స్పెక్స్ చూస్తాం. ఇక్కడ స్పెక్స్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఈ పరికరం రాత్రి 2 గంటలకి చెడిపోతే, తెల్లారేసరికి ట్యాంక్ ఎలా ఉంటుంది?" ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తాం. చేపకి, కోరల్ కి ఆ ఆప్షన్ లేదు. అందుకే ఈ ఆర్టికల్ లో ప్రతి పరికరాన్నీ ఈ ఒక్క ప్రశ్నతోనే చూద్దాం. లెక్కలన్నీ ఒకే ట్యాంక్ మీద వేద్దాం, అప్పుడు ఈజీగా అర్థమవుతుంది.

ముందుగా చట్టం సంగతి

ఇది చివర్లో చెప్పే విషయం కాదు, డబ్బు ఖర్చు పెట్టకముందే తెలియాల్సిన విషయం. రీఫ్ ని కట్టే గట్టి కోరల్స్ అన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) షెడ్యూల్ 1 లో ఉన్నాయి. అంటే పులికి ఉన్న స్థాయి రక్షణే వీటికీ ఉంది. బ్లాక్ కోరల్, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా అంతే. షెడ్యూల్ 1 జీవుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ళ వరకు జైలు శిక్ష ఉంటుంది.

"షాపులో అమ్ముతున్నారు కదా, అంటే లీగలే" అనుకోవద్దు. సముద్రం నుంచి తీసిన కోరల్ రాళ్ళని "లైవ్ రాక్" పేరుతో అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఆ రాయి కూడా కోరల్ అస్థిపంజరమే. కాబట్టి మన ప్లాన్ లో మూడు రూల్స్ పెట్టుకుందాం:

- రాళ్ళు: ఫ్యాక్టరీలో తయారైన సిరామిక్ లేదా సిమెంట్ రీఫ్ రాక్ మాత్రమే.
- కోరల్స్: మష్రూమ్, లెదర్, జెనియా, జోవాంథిడ్ లాంటి మెత్తటి రకాలు మాత్రమే. అవి కూడా ట్యాంక్ లో పెంచి కట్ చేసిన ముక్కలు, బిల్లుతో.
- చేపలు: హ్యాచరీలో పుట్టినవి. క్లౌన్ ఫిష్ ని హ్యాచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో అభివృద్ధి చేసింది. నీమో కోసం సముద్రంలో వల వేయాల్సిన పని లేదు.

ట్యాంక్ సైజు: చిన్నది అంటే ఈజీ కాదు

చాలామంది 20 లీటర్ల క్యూబ్ తో మొదలుపెడదాం అనుకుంటారు. నిజానికి నీళ్ళు ఎంత తక్కువుంటే తప్పు అంత వేగంగా బయటపడుతుంది. 20 లీటర్లలో ఒక చేప చచ్చి ఎవరూ చూడకపోతే ఒక్క రాత్రిలో అమోనియా ప్రమాద స్థాయికి వెళ్ళొచ్చు. ఎక్కువ నీళ్ళుంటే మీకు టైమ్ దొరుకుతుంది.

మన ఉదాహరణ ట్యాంక్ 60 × 40 × 40 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం 96 లీటర్లు. పైన కొంచెం ఖాళీ, రాళ్ళు, ఇసుక పోను అసలు నీళ్ళు సుమారు 75 లీటర్లు ఉంటాయి. వెనక ఫిల్టర్ గదులు కలిసే వచ్చే ఆల్-ఇన్-వన్ మోడల్ అయితే కింద సంప్, పైపులు అవసరం లేదు. గ్లాసు, రాళ్ళు, స్టాండ్ అన్నీ కలిపి బరువు 130-150 కిలోల దాకా వెళ్తుంది. కాబట్టి టీవీ యూనిట్ మీద పెట్టొద్దు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన కూడా వద్దు.

నీళ్ళు: వంటింటి ప్యూరిఫైయర్ సరిపోదు

మన దగ్గర బోరు నీళ్ళలో టీడీఎస్ వందల్లో ఉంటుంది. వంటింట్లో ఉండే ఆర్వో ప్యూరిఫైయర్ దాన్ని తగ్గిస్తుంది కానీ సున్నా చేయదు. పైగా చాలా మోడల్స్ రుచి కోసం మళ్ళీ మినరల్స్ కలుపుతాయి. రీఫ్ కి కావాల్సింది ఆర్వో తర్వాత డీఐ రెజిన్ ఉన్న యూనిట్, టీడీఎస్ మీటర్ లో 0 చూపించే నీళ్ళు. లేకపోతే నీళ్ళతో పాటు వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ పాచిని పెంచుతాయి. రాగి కొంచెం ఉన్నా నత్తలు, రొయ్యలు చనిపోతాయి.

విశాఖ, కాకినాడ వాళ్ళకి ఒక డౌట్ వస్తుంది: "పక్కనే సముద్రం ఉంది కదా, డబ్బాలో పట్టుకొస్తే?" వద్దు. ఒడ్డు దగ్గర నీళ్ళలో హార్బర్ ఆయిల్, డ్రైనేజీ కలుస్తాయి. ఇంకో విషయం, గోదావరి, కృష్ణ, మహానది లాంటి నదులన్నీ కలిసే బంగాళాఖాతంలో పై నీటి ఉప్పదనం తక్కువ. వానాకాలం తర్వాత ఇంకా పడిపోతుంది. సింథటిక్ సీ సాల్ట్ తో మనమే కలుపుకుంటే ప్రతిసారీ ఒకే రిజల్ట్ వస్తుంది.

టార్గెట్ 35 పీపీటీ, అంటే 25 డిగ్రీల దగ్గర స్పెసిఫిక్ గ్రావిటీ సుమారు 1.026. లీటరుకి సుమారు 36-38 గ్రాముల సాల్ట్ మిక్స్ పడుతుంది. ఉప్పుని వేరే బకెట్ లో పంపు పెట్టి కలిపి, పూర్తిగా కరిగాకే ట్యాంక్ లో పోయాలి. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ తీసుకోండి. దాన్ని మంచినీళ్ళతో కాకుండా 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో కాలిబ్రేట్ చేయండి. మీటరే తప్పు చూపిస్తే మిగతా లెక్కలన్నీ తప్పే.

ఆటో టాప్-ఆఫ్: రిజర్వాయర్ సైజే సేఫ్టీ లిమిట్

ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు కాదు. మన ట్యాంక్ లో రోజుకి 2 లీటర్లు ఆవిరైతే, 4 రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి 75 లీటర్లు 67 అవుతాయి. ఉప్పదనం 35 నుంచి 39 దాటుతుంది. అందుకే తగ్గిన నీళ్ళని మంచినీళ్ళతోనే నింపాలి. ఆ పని చేసేదే ఆటో టాప్-ఆఫ్. సెన్సర్ లెవెల్ చూస్తుంది, తగ్గితే చిన్న పంపు ఆన్ అవుతుంది.

ఇప్పుడు మన ప్రశ్న. సెన్సర్ మీద నత్త ఎక్కి కూర్చుంది, లేదా పంపు ఆఫ్ అవ్వలేదు. ఏమవుతుంది? పక్క డబ్బాలో ఉన్న మంచినీళ్ళన్నీ ట్యాంక్ లోకి వెళ్తాయి.

- 20 లీటర్ల డబ్బా అయితే: ఉప్పదనం 27.6 కి పడిపోతుంది. పైగా గది నిండా నీళ్ళు.
- 10 లీటర్ల డబ్బా అయితే: సుమారు 31.
- 5 లీటర్ల డబ్బా అయితే: సుమారు 33. జీవులు తట్టుకుంటాయి.

"పెద్ద డబ్బా పెడితే వారం రోజులు చూడక్కర్లేదు" అనే ఐడియా బాగానే అనిపిస్తుంది కానీ రిస్క్ కూడా అంతే పెరుగుతుంది. రెండు మూడు రోజులకి సరిపోయే డబ్బా చాలు. ఆప్టికల్ సెన్సర్ తో పాటు బ్యాకప్ ఫ్లోట్ ఉన్న మోడల్, ఎక్కువసేపు పంపు నడిస్తే తనే ఆగిపోయే టైమర్ ఉన్న మోడల్ ఎంచుకోండి.

వేడి: మన ఊళ్ళలో అసలు సమస్య ఇదే

విదేశీ యూట్యూబర్లు ముందు హీటర్ గురించి చెప్తారు. మనకి ముందు కావాల్సింది చల్లదనం. టార్గెట్ 25-26 డిగ్రీలు. మే నెలలో హైదరాబాద్ లో, విజయవాడలో ఏసీ లేని గది 34-35 డిగ్రీల దగ్గర ఉంటుంది. ట్యాంక్ కూడా మెల్లగా అక్కడికే చేరుతుంది. కోరల్ కణాల్లో ఉండే సూక్ష్మ శైవలాలే దానికి తిండి పెడతాయి. నీళ్ళు వేడెక్కితే కోరల్ వాటిని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. 2024 లో లక్షద్వీప్ లో పెద్ద ఎత్తున జరిగింది ఇదే. సముద్రాన్ని చల్లబరచడం మన చేతిలో లేదు. 75 లీటర్లని చల్లగా ఉంచడం మన చేతిలో ఉంది.

ఆప్షన్లు రెండు.

ఫ్యాన్: నీటి ఉపరితలం మీద గాలి కొట్టే చిన్న క్లిప్ ఫ్యాన్. మన ఇంట్లో కూలర్ పనిచేసే సూత్రమే. 2 నుంచి 4 డిగ్రీలు తగ్గించగలదు. హైదరాబాద్ పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో అంతగా పనిచేయదు, ఎందుకంటే గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటుంది. ఆవిరి పెరుగుతుంది కాబట్టి టాప్-ఆఫ్ కూడా ఎక్కువ కావాలి.

చిల్లర్: చిన్న ఫ్రిజ్ లాంటిది. ఈ సైజు ట్యాంక్ కి 1/10 హెచ్‌పీ మోడల్ సరిపోతుంది. ధర ఒక మిడ్ రేంజ్ ఫోన్ తో పోటీ పడుతుంది. ఇది వేడిని గదిలోకే వదులుతుంది కాబట్టి మూసేసిన క్యాబినెట్ లో పెట్టొద్దు. ఏసీ రోజంతా నడవని ఇల్లయితే, చిల్లర్ కి బడ్జెట్ లేకపోతే, ఈ హాబీని వాయిదా వేయడమే మంచిది. ఇది ఖర్చు మిగుల్చుకునే చోటు కాదు.

హీటర్: హైదరాబాద్ డిసెంబర్ రాత్రుళ్ళకి అవసరం. విశాఖలో చాలా ఇళ్ళకి పెద్దగా పని పడదు. హీటర్లు చెడిపోయే పద్ధతుల్లో ప్రమాదకరమైనది థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆన్ లోనే ఉండిపోవడం. 75 లీటర్లని 1 డిగ్రీ వేడెక్కించడానికి 100 వాట్ల హీటర్ కి కనీసం 50 నిమిషాలు పడుతుంది. 300 వాట్లది అయితే 17 నిమిషాలు చాలు. అంటే పెద్ద హీటర్ కొంటే మీరు గమనించేలోపే సూప్ తయారవుతుంది. 100 వాట్లది తీసుకుని, వేరే టెంపరేచర్ కంట్రోలర్ ద్వారా నడపండి. ఒకటి ఫెయిల్ అయినా రెండోది ఆపుతుంది.

లైట్: వాట్లు కాదు, వెలుగు ఎంత చేరుతుందో చూడండి

మెత్తటి కోరల్స్ కి 50 నుంచి 150 పార్ సరిపోతుంది. పార్ అంటే కిరణజన్య సంయోగక్రియకి పనికొచ్చే వెలుగు కొలత. నీలం ఛానల్, తెలుపు ఛానల్ వేరుగా కంట్రోల్ అయ్యే రీఫ్ ఎల్ఈడీ తీసుకోండి. 50-60 వాట్ల రేంజ్ ఈ ట్యాంక్ కి చాలు. రోజుకి 8-9 గంటలు. మొదట తక్కువ బ్రైట్‌నెస్ తో మొదలుపెట్టి నెల రోజుల్లో మెల్లగా పెంచాలి. ఫోన్ యాప్ లతో పార్ కొలవొచ్చా అంటే, నమ్మకంగా కాదు. ఫోన్ సెన్సర్ మనిషి కంటికి కనిపించే వెలుగు కోసం తయారైంది, గాఢమైన నీలాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

లైట్ ఒక రోజు వెలగకపోతే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. సముద్రంలో మబ్బు రోజులు ఉండవా? కాబట్టి బ్యాకప్ ఖర్చు దీని మీద పెట్టొద్దు.

ఫోటోల విషయంలో ఒక టిప్: నీలం లైట్ లో ఫోన్ కెమెరా వైట్ బ్యాలెన్స్ తడబడుతుంది. లెన్స్ మీద ఆరెంజ్ ఫిల్టర్ క్లిప్ పెడితే ఫోటో కంటికి కనిపించే రంగుకి దగ్గరగా వస్తుంది.

వేవ్‌మేకర్: ఒక పెద్దది కన్నా రెండు చిన్నవి

కోరల్ ఒకచోటే ఉంటుంది కాబట్టి తిండి, ఆక్సిజన్ దాని దగ్గరికే రావాలి. ఆ పని కరెంట్‌ది, అంటే నీటి ప్రవాహానిది. గంటకి ట్యాంక్ నీళ్ళకి 15-20 రెట్లు తిరగాలి. మనకి 1,100 నుంచి 1,500 లీటర్లు. దీన్ని రెండు చిన్న పంపులుగా విడగొడితే ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. సర్వర్లకి రెడండెన్సీ ఎందుకు పెడతామో ఇక్కడ కూడా అందుకే.

రెండు మూడు చేపలు, వారం వారం నీళ్ళ మార్పు ఉంటే ప్రోటీన్ స్కిమ్మర్ తప్పనిసరి కాదు. డోసింగ్ పంపు, యూవీ, ఓజోన్... ఇవేవీ మొదటి సంవత్సరం కొనక్కర్లేదు.

కరెంట్ పోతే?

ట్యాంక్ లో అన్నిటికన్నా త్వరగా అయిపోయేది ఆక్సిజన్. వేడి నీళ్ళలో ఆక్సిజన్ ఇంకా తక్కువ కరుగుతుంది. అంటే ఎండాకాలం పవర్ కట్ డబుల్ ప్రమాదం.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటాం. లెక్క చూద్దాం. 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1,800 వాట్ అవర్స్. అందులో సగం వాడితే 900. వేవ్‌మేకర్ 10 వాట్లు, ఇన్వర్టర్ తను తినేది 20 వాట్లు అనుకుంటే 30 గంటలు వస్తుంది. కానీ అదే ఇన్వర్టర్ మీద ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు కలిపి 250 వాట్లు నడిస్తే మూడు గంటల్లో ఖాళీ. కాబట్టి వేవ్‌మేకర్ కి వేరే డీసీ బ్యాటరీ బ్యాకప్, లేదా కరెంట్ పోగానే తనంతట తనే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచండి. ఇది మొత్తం సెటప్ లో చవకైన వస్తువుల్లో ఒకటి, ప్రాణాలు కాపాడే విషయంలో మొదటిది.

ఇక మన ప్రాణాల సంగతి. ఉప్పునీళ్ళు కరెంట్ ని బాగా ప్రసరింపజేస్తాయి. ట్యాంక్ లైన్ కి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాల్సిందే. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి పైకి వెళ్ళాలి, అప్పుడు కారిన చుక్క నేల మీద పడుతుంది, సాకెట్ లోకి వెళ్ళదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టొద్దు, గోడకి బిగించండి.

కరెంట్ బిల్లు: లైట్ 60 వాట్లు 9 గంటలు, పంపులు 25 వాట్లు 24 గంటలు, ఎండాకాలంలో చిల్లర్ 200 వాట్లు 8 గంటలు అనుకుంటే రోజుకి 2.74 యూనిట్లు, నెలకి సుమారు 82 యూనిట్లు. చిల్లర్ అవసరం లేని నెలల్లో సుమారు 34. ఎండాకాలంలో మీ స్లాబ్ మారిపోవచ్చు, ఇంట్లో ముందే చెప్పుకోండి.

స్మార్ట్ ప్లగ్స్: యాప్ మీద కాదు, డిఫాల్ట్ మీద నమ్మకం

వైఫై స్మార్ట్ ప్లగ్ తో వాడకం చూడొచ్చు, షెడ్యూల్ పెట్టొచ్చు. కొనేముందు రెండు విషయాలు చెక్ చేయండి. ఒకటి, కరెంట్ పోయి వచ్చాక ప్లగ్ ఏ స్థితిలో లేస్తుంది? పంపు ప్లగ్ "ఆన్" గా లేవాలి. హీటర్ ప్లగ్ ఆన్ గా లేచినా కంట్రోలర్ చేతిలోనే ఉండాలి. రెండు, ఇంటర్నెట్ లేకపోయినా షెడ్యూల్ ప్లగ్ లోపలే నడుస్తుందా? క్లౌడ్ డౌన్ అయితే ఆగిపోయేది ట్యాంక్ కి పనికిరాదు.

కోడింగ్ ఇష్టమున్నవాళ్ళకి రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే రీఫ్-పై అనే ఓపెన్ సోర్స్ కంట్రోలర్ ఉంది. ఈఎస్‌పీ32 కి వాటర్‌ప్రూఫ్ టెంపరేచర్ సెన్సర్ పెట్టి, 28 డిగ్రీలు దాటితే ఫోన్ కి మెసేజ్ వచ్చేలా వీకెండ్ లో చేసుకోవచ్చు. సెన్సర్లు రెండు పెట్టండి. రెండిటికీ తేడా వస్తే ఏదో ఒకటి చెడిపోయిందని తెలుస్తుంది. ఇంకోటి, మెసేజ్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరు ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి ట్యాంక్ పక్కన అంటించండి. మీరు ఆఫీసులో ఉంటే అమ్మకో, రూమ్మేట్ కో ఆ కాగితమే యూజర్ మాన్యువల్.

ఆరు వారాలు ఖాళీ ట్యాంక్

సెటప్ అయ్యాక వెంటనే చేపలు వేయకూడదు. చేప వ్యర్థం నుంచి అమోనియా వస్తుంది, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ గా, ఇంకో రకం నైట్రేట్ గా మారుస్తాయి. ఇవి రాళ్ళ మీద స్థిరపడటానికి మామూలుగా 4-6 వారాలు పడుతుంది. బాటిల్ బ్యాక్టీరియా వేసి, అమోనియం క్లోరైడ్ తో అమోనియాని 2 పీపీఎం కి తీసుకురండి. అలా వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యే రోజు వస్తే ట్యాంక్ రెడీ. మధ్యలో గోధుమ రంగు పాచి వస్తుంది, కంగారు పడొద్దు, అది పోతుంది.

తర్వాత ఆర్డర్ ఇలా: ముందు నత్తలు, రెండు వారాలకి క్లౌన్ ఫిష్ జంట, నెలకి మష్రూమ్ లేదా లెదర్ కోరల్, ఆ తర్వాత కావాలంటే ఒక గోబీ. అంతే. సినిమాలో డోరీగా చూసిన నీలం చేప సుమారు 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల ట్యాంక్ దానికి జైలు.

జోవాంథిడ్స్ విషయంలో ఒక సీరియస్ హెచ్చరిక. వీటిలో కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉంటుంది. ఆ రాయిని వేడినీళ్ళలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. మరిగించొద్దు, బ్రష్ తో రుద్దొద్దు, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా కట్ చేయొద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వీటిని వదిలేసి మష్రూమ్స్ తో సరిపెట్టుకోండి.

వారానికి ఒక గంట

- రోజూ: టెంపరేచర్, నీటి లెవెల్, చేపలు తింటున్నాయా లేదా. 2 నిమిషాలు.
- వారానికోసారి: 7-8 లీటర్ల నీళ్ళ మార్పు (సుమారు 280 గ్రాముల సాల్ట్), గ్లాసు తుడవడం, ఉప్పదనం, నైట్రేట్, ఆల్కలినిటీ టెస్ట్.
- నెలకోసారి: పంపులు విప్పి కడగడం, రిఫ్రాక్టోమీటర్ కాలిబ్రేషన్, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కడం, మెయిన్ ఆఫ్ చేసి బ్యాటరీ బ్యాకప్ నిజంగా లేస్తుందో లేదో చూడడం.

టార్గెట్లు: ఆల్కలినిటీ 8-9 డీకేహెచ్, నైట్రేట్ 5-10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03-0.1 పీపీఎం. అంకె కరెక్ట్ గా ఉండటం కన్నా కదలకుండా ఉండటం ముఖ్యం. ఒక్కరోజులో సరిచేద్దామని మందులు పోస్తే, అసలు సమస్య కన్నా ఆ మార్పే జీవులని ఎక్కువ దెబ్బతీస్తుంది.

చివరిగా: ఎవరు పెట్టొచ్చు? ఎవరు ఆగాలి?

బడ్జెట్ పంచుకునే వరుస ఇది: చల్లదనం, ఆర్వో-డీఐ, బ్యాటరీ బ్యాకప్, ఆర్‌సీసీబీ, ఆ తర్వాత లైట్, అన్నిటికన్నా చివర్లో స్మార్ట్ ఫీచర్లు. షాపులో మాత్రం మీకు సరిగ్గా రివర్స్ లో చూపిస్తారు, ఎందుకంటే మెరిసేది లైటే.

నెలలో సగం రోజులు ట్రావెల్ లో ఉండేవాళ్ళు, ఏడాదికోసారి అద్దె ఇల్లు మారేవాళ్ళు, ఇంట్లో ఇంకెవరూ ట్యాంక్ ని చూసుకోలేని వాళ్ళు ఇప్పటికి ఆగండి. మంచినీటి మొక్కల ట్యాంక్ తో మొదలుపెడితే పంపులు, టెస్ట్ కిట్లు, ఓపిక అన్నీ అలవాటవుతాయి. మిగతావాళ్ళు ఒక పని చేయండి: ఏదీ కొనకముందు, పైన చెప్పిన ప్రతి పరికరం పక్కనా "ఇది ఆగిపోతే" అని రాసి, ఎదురుగా మీ జవాబు రాయండి. ఖాళీగా మిగిలిన గడి ఒక్కటి కూడా లేదంటే మీరు రెడీ.